శిరస్సును కాచిన వైద్యుడు: సర్ హ్యూ కెయిర్న్సు గారి జీవితము

ఉదయమున మా పాఠశాల ద్వారముకడ నిలిచి చూచువారికి కొంపల్లి యెట్టి యూరో యిట్టే తెలియును. సికింద్రాబాదు నుండి మేడ్చలు మీదుగా నాగపురము పోవు పెద్ద రహదారి యీ యూరి మీదుగనే పోవుచున్నది. శ్రీనగరమును కన్యాకుమారిని కలుపు 44వ సంఖ్య జాతీయ మార్గ మిదియే. లారీలు, బస్సులు, వాని సందులలో దూరి పోవు స్కూటర్లు, మోటారు సైకిళ్లు ఎడతెగక సాగుచుండును. ఒక్కొక్క బండిపై తండ్రి, వెనుక తల్లి, ఆ యిద్దరి నడుమ నొక బిడ్డ, ముందు పెట్రోలు ట్యాంకుపై మరియొక బిడ్డ. తండ్రి తలపై హెల్మెటు ఉండును. ఒక్కొక్కప్పుడు అదియు తలపై గాక మోచేతికి వ్రేలాడుచుండును. బిడ్డల తలలపై నూనె రాసి దువ్విన పాపిడి తప్ప మరేమియు నుండదు.

ఈ హెల్మెటును ఎవరు కనిపెట్టిరని పదియవ తరగతి బాలుడొకడు మమ్ముల నడిగెను. జరిమానా వేయుటకై పోలీసువారే దీనిని కనిపెట్టి యుందురని వాని యూహ. తరగతి యంతయు నవ్వెను గాని, మాకు మాత్రము సరియైన ఉత్తరము తోచలేదు. పిమ్మట చదివి తెలిసికొన్న దానిని ఈ సంచికలో వ్రాయుచున్నాము. బాలుని యూహ తప్పని చెప్పుటతోపాటు మరియొక మాటయు చెప్పవలసి యున్నది. మేము వ్రాయబోవు మహనీయుడును హెల్మెటును కనిపెట్టలేదు. పందెములలో మోటారు సైకిళ్లు తోలువారు మొదటి ప్రపంచ యుద్ధమునాటికే గట్టి టోపీలు ధరించుచుండిరి. పందెగాని టోపీ సామాన్యుని ప్రాణము నిలుపునని లెక్కలు కట్టి లోకమునకు చూపినవారు సర్ హ్యూ కెయిర్న్సు గారు.

వారు 1896వ సంవత్సరము జూన్ 26వ తేదీన దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్టు పిరీ యను రేవు పట్టణమున జన్మించిరి. తండ్రి స్కాట్లండు దేశమునుండి వలస వచ్చినవారు, కలప పనిచేసి జీవించినవారు. తల్లి సంగీతము నేర్పుచుండెడివారు. బాల్యము రివర్టన్ అను చిన్న యూరిలో గడచెను. ధనమున్న యిల్లు కాదు. బాలుడు చదువులో ముందంజ వేసి అడిలేడు ఉన్నత పాఠశాలకును, అచ్చటినుండి అదే నగరపు విశ్వవిద్యాలయమున వైద్యవిద్యకును పోయెను. ఇంతలో యుద్ధము వచ్చినది. విద్యార్థిగా నుండగనే 1915లో సైన్యపు వైద్యదళమున సామాన్య భటుడై చేరి, లెమ్నోసు ద్వీపమునందలి ఆస్పత్రిలో సేవచేసిరి. తిరిగి వచ్చి 1917లో పట్టము పుచ్చుకొని, వైద్యుడుగా మరల ఫ్రాన్సు యుద్ధరంగమునకు పోయిరి. రోడ్సు విద్యార్థివేతనము లభించుటచే 1919లో ఆక్సుఫర్డు చేరిరి. చదువు మాత్రమే గాక దేహబలమును గలవారగుటచే 1920లో ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయముల నడుమ జరుగు పడవ పందెమున తెడ్డు వేసిరి. ఆ యేడు గెలుపు కేంబ్రిడ్జివారిది. మరుసటి సంవత్సరమున తమ కళాశాలాధ్యక్షుని కుమార్తె బార్బరాను వివాహమాడిరి.

ఆ దినములలో మెదడుకు కత్తి తాకించుట యనిన శస్త్రవైద్యులకే భయము. రోగి బ్రతికి బయటపడుట అరుదుగా నుండెను. ఆ భయమును పోగొట్టిన గురువు అమెరికాలోని బోస్టను నగరమున నున్న హార్వే కుషింగు. కెయిర్న్సు గారు 1926లో ఆయన యొద్దకు పోయి ఒక సంవత్సరము శుశ్రూష చేసిరి. కుషింగు నేర్పినది తొందర లేని పని: ప్రతి రక్తనాళమును బంధించుచు, కణజాలమును నలుపక, గంటల తరబడి ఓపికతో చేయు శస్త్రము. శిష్యుడు ఆ పద్ధతిని లండను ఆస్పత్రికి తెచ్చి, ఇంగ్లండులో మెదడు శస్త్రవిద్యకు పునాది వేసినవారిలో ఒకడయ్యెను.

ఇచ్చట ఒక చిత్రమును చెప్పకుండ ముందుకు సాగలేము. ఆక్సుఫర్డున గొప్ప వైద్యవిద్యాలయము నెలకొల్పవలెనని కెయిర్న్సు గారు పట్టుపట్టిరి. దానికి కావలసిన ధనమును 1936లో ఇచ్చినవాడు నఫీల్డు ప్రభువు. ఆయన యిచ్చినది ఇరువది లక్షల పౌండ్లు. ఈ ప్రభువు పూర్వనామము విలియము మారిసు. సైకిళ్లు బాగుచేయు పనితో జీవనము మొదలుపెట్టి, మారిసు మోటారు కార్లు చేసి కోటీశ్వరుడైనవాడు. 1937లో కెయిర్న్సు గారు నఫీల్డు పేరిట ఏర్పడిన మొదటి శస్త్రవైద్యాచార్యులైరి. మోటారు బండ్లు గడించిన ధనముతో ఏర్పడిన పీఠముపై కూర్చుండి, మోటారు బండ్లు పగులగొట్టిన తలలను ఆయన పరీక్షించిరన్నమాట.

అంతకు రెండేండ్లకు ముందే యొక తల ఆయన యెదుటికి వచ్చియుండెను. అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని లోకమంతట పేరుపొందిన టి. ఇ. లారెన్సు 1935లో సైనికోద్యోగము చాలించి, డార్సెట్టు సీమలో క్లౌడ్సు హిల్లు అను చిన్న కుటీరమున నివసించుచుండెను. వయస్సు నలుబదియారు. మోటారు సైకిళ్లనిన ఆయనకు ప్రాణము. బ్రఫ్ సుపీరియరు అను మేలుజాతి బండ్లను ఒకదాని వెనుక నొకటిగా ఏడింటిని తోలెను. ఎడారులలో రైలుపట్టాలు పేల్చి, తుపాకి గుండ్ల నడుమ బ్రతికి బయటపడినవాడు. మే 13వ తేదీన ఆయన చేసిన పని యేమనగా, సమీపమున నున్న బోవింగ్టను దండునకు బండిపై పోయి, ఒక తంతివార్త పంపి, ఇంటికి మరలుట. దారి యెరిగినది, దూరము స్వల్పము. దారిలో ఒక పల్లము. సైకిళ్లపై పోవుచున్న బాలురిద్దరు తటాలున కానవచ్చిరి. వారిని తప్పింపబోయి బండి ప్రక్కకు త్రిప్పగా, ఆయన ఎగిరి ముందుకు పడెను. తలపై టోపీ యేదియు లేదు. ఆరు దినములు స్పృహ లేకుండ ఆస్పత్రిలో నుండి 19వ తేదీన మరణించెను. ఆయనను చూచుటకు రప్పింపబడిన వైద్యులలో కెయిర్న్సు గారొకరు. చేయదగిన దేమియు లేకపోయెను.

ఈ మరణమును చూచి కెయిర్న్సు గారు ఆనాడే శపథము పట్టినట్లు కథలుగా చెప్పుకొనుట కలదు. మేము అట్లు వ్రాయజాలము. ఆ మరణమునకును, హెల్మెట్లను గూర్చి ఆయన ప్రకటించిన మొదటి వ్యాసమునకును నడుమ ఆరు సంవత్సరములు గడచినవి. ఒక ప్రసిద్ధుని మరణము మనస్సును కదలించును. అయినను లోకమును కదలించుటకు ఒక్క మరణము చాలదని ఆయన యెరుగుదురు. కావున లెక్కించుటకు పూనుకొనిరి. మా దృష్టిలో ఆయన గొప్పతన మచ్చటనే యున్నది.

1939 సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధము మొదలయ్యెను. శత్రువుల విమానములకు ఊళ్లు కానరాకుండుటకై ఇంగ్లండు దేశమంతట వీథిదీపము లార్పిరి. బండ్ల దీపములకును ముసుగులు వేసిరి. సైన్యమునందు వార్తలు మోయువారు మోటారు సైకిళ్లపై రేయింబవళ్లు తిరుగవలసి వచ్చెను. పెట్రోలునకు కొలత పెట్టుటచే రోడ్లపై బండ్లు తగ్గినవి; మరణములు తగ్గవలెను గదా. కాని యుద్ధమునకు ముందు 21 నెలలలో 1,884 మంది మోటారు సైకిలు తోలువారును వెనుక కూర్చున్నవారును చనిపోగా, యుద్ధము మొదలైన తరువాతి 21 నెలలలో 2,279 మంది చనిపోయిరి. నూటికి 21 చొప్పున పెరుగుదల. వీరిని శత్రువు చంపలేదు. వీరిలో చాలమందిని చంపినది తలకు తగిలిన దెబ్బ. ఈ సంగతులన్నియు కూర్చి కెయిర్న్సు గారు 1941 అక్టోబరులో బ్రిటిషు వైద్యపత్రికయందు వ్యాసము ప్రకటించిరి. హెల్మెటు ధరించి పడినవారిని ఆయన అప్పటికి చూచినది ఏడుగురిని మాత్రమే. ఏడుగురును బ్రతికిరి. ఏడు చిన్న సంఖ్య. దానితో ఋజువు పూర్తి కాదు. అయినను సైన్యము ఆ మాట వినెను. 1941 నవంబరులో, పనిమీద పోవు సైనికులందరు మోటారు సైకిలుపై హెల్మెటు ధరించి తీరవలెనని ఆజ్ఞ పుట్టెను.

తలకు దెబ్బ తగులుట యనిన మనము పుర్రె పగులుటనే తలంతుము. ఆక్సుఫర్డులో కెయిర్న్సు గారితో కలిసి పనిచేసిన హోల్‌బోర్ను అను భౌతికశాస్త్రజ్ఞుడు ఇంతకంటె లోతైన సంగతిని చూపెను. ఆయన మెదడునకు బదులుగా జెలటిను ముద్దను తీసికొని, కదలిక కలిగినప్పుడు దానిలోపల ఒత్తిళ్లు ఎచ్చట పుట్టునో పరిశీలించి, 1943లో ప్రకటించెను. మన యిండ్లలో దీనిని జున్నుతో చూడవచ్చును. గిన్నెలో పేరుకొన్న జున్నును నిలువుగా నెత్తి దించిన పెద్దగా చెదరదు. గిన్నెను చటుక్కున గుండ్రముగా త్రిప్పిన యెడల, గిన్నె తిరిగినంత వేగముగా జున్ను తిరుగజాలదు. లోపల చీలికలు పుట్టును. పుర్రె చెక్కు చెదరకున్నను మెదడు చెడిపోవుట ఇట్టిదే. పైకి గాయము కానరాని మనుష్యుడు రెండవనాడు స్పృహ తప్పుటకు గల కారణములలో నిది యొకటి. పుర్రె లోపల మెల్లగా నెత్తురు కూడుట మరియొకటి.

మా విద్యార్థులు ఇంకొక లెక్కను తామే వేసికొనవచ్చును. బండిపై కూర్చున్న మనుష్యుని తల నేలకు సుమారు 1500 మిల్లీమీటర్ల యెత్తున నుండును. బండి కదలకుండ నిలిచియుండగా ప్రక్కకు ఒరిగి పడినను, ఆ యెత్తునుండి పడిన తల నేలను తాకునప్పటికి దాని వేగము గంటకు ఇంచుమించు 20 కిలోమీటర్లగును. అట్టి తల గట్టినేలపై 5 మిల్లీమీటర్లలో ఆగిన యెడల, 1500ను 5 చేత భాగింపగా వచ్చు 300, అనగా భూమ్యాకర్షణకు 300 రెట్ల తాకిడి దానికి తగులును. ఆగుటకు 25 మిల్లీమీటర్ల యెడము దొరికిన యెడల అదే తాకిడి 60 రెట్లకు దిగును. హెల్మెటు చేయు పని యంతయు ఆ యిరువది మిల్లీమీటర్లే. పైనున్న గట్టి చిప్ప దెబ్బను ఒకచోట నిలువనీయక నలుదెసలకు పంచును. లోపలి థర్మోకోలు వంటి మెత్త నలిగి, తలకు ఆగు వ్యవధి నిచ్చును. కుండల బండిలో కుమ్మరి వరిగడ్డి పరచుట యెందులకో ఎరిగినవారికి ఇందులో క్రొత్త యేమియు లేదు. నలిగిన మెత్త మరల లేవదు. కావున గట్టిగా దెబ్బతిన్న హెల్మెటు, చూపునకు బాగుగనే యున్నను, ఇక పనికిరాదు. గడ్డము క్రింద పట్టీ బిగింపనిది తల నేలను చేరకముందే ఎగిరిపోవును. త్రోవ ప్రక్కన గుట్టలుగా పోసి అమ్మిన పలుచని టోపీలలో నలుగుటకు మెత్తయే యుండదు. ఈ కారణముననే 2021 జూన్ 1వ తేదీనుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్లను ద్విచక్ర వాహనములకై చేయుటయు అమ్ముటయు మన దేశమున నేరమైనది.

కెయిర్న్సు గారి యుద్ధసేవ హెల్మెట్లతో నిలిచిపోలేదు. ఆక్సుఫర్డునందలి సెయింటు హ్యూసు కళాశాలను 1940లో తలగాయముల ఆస్పత్రిగా మార్చిరి. యుద్ధము ముగియులోపల పదమూడు వేలకు పైగా రోగు లచ్చట చికిత్స పొందిరి. గాయపడినవానిని ఆస్పత్రికి మోసికొని వచ్చుటకంటె ఆస్పత్రినే వానియొద్దకు పంపుట మేలని, బండ్లపై కదలు శస్త్రశాలల నేర్పరచిరి. 1943లో తమ అడిలేడు సహాధ్యాయియైన ఫ్లోరీతో కలిసి ఉత్తర ఆఫ్రికాకు పోయి, అప్పుడే వెలువడిన పెనిసిలిను మందును సైనికుల గాయములపై ప్రయోగించి చూచిరి. ఒక్కొక్కటి ఒక్కొక వ్యాసమునకు తగిన విషయము గాని, మా త్రోవ వేరు.

హెల్మెట్ల లెక్కను మాత్రము వారు మరువలేదు. 1943లో హోల్‌బోర్నుతో కలిసి, హెల్మెటు ధరించి గాయపడిన 106 మందిని గూర్చి వ్రాసిరి. ఏడుగురు 106 మందియైరి. యుద్ధము ముగిసిన తరువాత 1946లో మూడవ వ్యాసము వెలువడెను. అందులో 1939 మొదలు 1945 వరకు నెలనెలకు చనిపోయిన మోటారు సైకిలు వారి సంఖ్యను గీతగా గీసి చూపిరి. 1941 నవంబరు తరువాత ఆ గీత క్రిందికి దిగినది. అదే సంవత్సరము ఆయనకు సర్ బిరుద మొసగబడెను.

ఈ నడుమనే మరియొక ప్రసిద్ధుని పడక ప్రక్కకు ఆయన పోవలసి వచ్చెను. యుద్ధము ముగిసిన ఏడు నెలలకు, 1945 డిసెంబరు 9వ తేదీన, అమెరికా సేనాని ప్యాటను జర్మనీలోని మాన్‌హైము సమీపమున కారు వెనుక ఆసనమున కూర్చుండి పోవుచుండగా, ఒక సైనిక లారీ ఆ కారునకు తగిలెను. వేగము గొప్పది కాదు. కారులోని తక్కిన యిద్దరికి స్వల్పపు దెబ్బలే. సేనాని మాత్రము ముందుకు విసరబడగా ఆయన తల ఎదుటి భాగమునకు కొట్టుకొని, మెడ యెముక విరిగెను. కెయిర్న్సు గారిని ఇంగ్లండునుండి విమానముపై హైడల్‌బెర్గు ఆస్పత్రికి రప్పించిరి. సేనాని అదే నెల 21వ తేదీన మరణించెను. ఎన్నియో యుద్ధములు జయించినవాడు వేట వినోదమునకై పోవుచు పోయెను. లారెన్సు తంతివార్త పంపి వచ్చుచు పోయెను.

మేము ఈ రెండు మరణములను ఒకచోట చేర్చి వ్రాయుటకు కారణము కలదు. దూరప్రయాణమునకు పోవునప్పుడు మనవారు ప్రార్థన చేసికొని, చక్రములలో గాలి చూచుకొని, హెల్మెటు పట్టీ బిగించి బయలుదేరుదురు. పాలకో, కూరగాయలకో, పిల్లవానిని బడియొద్ద దించుటకో పోవునప్పుడు ఇక్కడికే గదా యని చేతులూపుకొని పోదురు. ధూలపల్లికి పోయినను శామీర్‌పేటకు పోయినను తల యొక్కటే, నేల యొక్కటే. మేమును అట్లు పోయినవారమే. అంగడి కనుచూపు మేరలో నున్నదని హెల్మెటును ఇంటి గోడకు తగిలించి విడిచిన దినములు మాకు చాల కలవు. మోషే ధర్మశాస్త్రమున ద్వితీయోపదేశకాండమునందు, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ పెట్టవలెనని యొక విధి కలదు. పెట్టనివాని యింట ఎవడైన పడి చచ్చిన యెడల ఆ దోషము ఇంటివానిదే. మిద్దె యెక్కుట సాహసకార్యము కాదు. ధాన్య మారబోయుటకును, వేసవిని పండుకొనుటకును దినదినము ఎక్కుదురు. అందువలననే గోడ కావలసి వచ్చినది. ఆ విధిని చిన్ననాటినుండి చదువుచున్నాము గాని, దానిని మోటారు సైకిలుతో కలిపి చూచుట కెయిర్న్సు గారి చరిత్ర చదివిన తరువాతనే మాకు తోచినది.

హెల్మెటు ఉక్కపోయునని, చెవులు వినబడవని, జుట్టు ఊడునని చెప్పువారిని మేము ఎరుగుదుము. ఉక్కపోయుట నిజమే, మేడ్చలు సీమలో మే నెల యెండను మేము కాదనము. కాని 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై మరణించిన 1,68,491 మందిలో 50,029 మంది హెల్మెటు లేకుండ ద్విచక్ర వాహనములపై పోయినవారే. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. హెల్మెటు మరణభయమును నూటికి 42 వంతులును, తలగాయమును నూటికి 69 వంతులును తగ్గించునని పలు దేశముల పరిశోధనలను కూర్చి చూచినవారు తేల్చిరి. తక్కిన వంతులు వేగముపైనను, దీపములపైనను, త్రాగుడుపైనను, ఎదుటివాని బుద్ధిపైనను ఆధారపడి యున్నవి. హెల్మెటు పెట్టుకొంటినని మార్గమునకు ఎదురు దిశను బండి తోలువానిని ఏ వైద్యుడును కాపాడజాలడు.

కెయిర్న్సు గారు 1952 జూలై 18వ తేదీన ఆక్సుఫర్డున పుట్టకురుపు వ్యాధిచే మరణించిరి. వయస్సు ఏబదియారు. సైనికులకు ఆజ్ఞ యిచ్చుట సులభము. పౌరులకు విధించుటకు ఇంగ్లండునకే చాల కాలము పట్టెను. అచ్చటి రోడ్లపై హెల్మెటు తప్పనిసరియైనది 1973 జూన్ 1వ తేదీన. వారు గతించి అప్పటికి ఇరువది యేండ్లు దాటెను. మన దేశమున మొదటి మెదడు శస్త్రచికిత్సా విభాగమును వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో డాక్టరు జేకబు చాందీ గారు స్థాపించిరి. తెలుగు సీమనుండి ఎందరో రోగులు అచ్చటికి పోయి వచ్చిరి. హెల్మెటు విధి 1988 మోటారు వాహనముల చట్టము 129వ సెక్షనున చేరినది. 2019లో దానిని సవరించి, నాలుగేండ్లు దాటిన ప్రతివారును, బిడ్డలైనను సరే, హెల్మెటు ధరింపవలెనని స్పష్టపరచిరి. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్లవరకు గల పసివారికిని తగిన టోపీ యుండవలెనని, వారిని తోలువానికి పట్టీతో కట్టవలెనని, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి నియమము అమలునకు వచ్చెను.

బిడ్డ తలకు సరిపోవు హెల్మెటు ఎక్కడ దొరకునని తల్లిదండ్రులు మమ్ముల నడుగుచున్నారు. పెద్దవాని హెల్మెటు బిడ్డకు పెట్టిన అది కన్నులమీదికి జారునే గాని తలను కావదు. బిడ్డలకు తగిన కొలతలలో, ఐ.ఎస్.ఐ. గుర్తు గలవి అమ్మకమునకు కలవు. అంగడికి బిడ్డను వెంట తీసికొని పోయి, తలకు పెట్టి, పట్టీ బిగించి, తల అటునిటు ఊపించి చూచి కొనవలెను. బడిలో వానిని పెట్టుకొన చోటు లేదని బాలురు చెప్పగా, ఈ యేడు సైకిళ్ల కొట్టము గోడకు వరుసగా మేకులు కొట్టించితిమి. కొట్టినవాడు తన యెత్తునకు సరిపోవునట్లు కొట్టుటచే చిన్న తరగతులవారికి అందలేదు. రెండు మూరలు క్రిందికి దించి మరల కొట్టించవలసి వచ్చినది.